ఇంట్లో ఒకరికి క్షయ అని తేలినప్పుడు: అంటుకునే దగ్గులు, మన ఉత్తరాంధ్ర కుటుంబాలు

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీది సోంపేట దగ్గరి తీరగ్రామం. గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్ల మీద పనిచేసే మీ అన్నగారు నెలల తరబడి దగ్గుతో బాధపడి ఇంటికి వచ్చారు. ఇక్కడ తెమడ పరీక్షలో క్షయ అని తేలి, మందులు ఇటీవలే మొదలయ్యాయి. ఇంట్లో వదినగారు, నాలుగేళ్ల పాప, కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్న మీ నాన్నగారు ఉన్నారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఈ సంగతి బయటికి పొక్కనీయవద్దని పెద్దలు అంటున్నారు. ఒక్కరి దగ్గు ఇంటినంతటినీ ఎందుకిలా కుదిపేస్తుందో, కరోనా నాడు ఊళ్లకు ఊళ్లే ఎందుకంతగా బెదిరిపోయాయో కూడా తెలుసుకోవాలని అడిగారు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ప్రభుత్వ వైద్యునిగా ఊపిరితిత్తుల జబ్బులు చూస్తూ పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. పెద్ద ప్రశ్న కంటే ముందు మీ ఇంటి సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ రోజులు లెక్కకు వస్తాయి.

అందరికంటే ముందు పాపను చూపించాలి. ఐదేళ్లలోపు పిల్లలకు క్షయ క్రిమి సోకితే, అది ఊపిరితిత్తుల్లోనే ఆగకుండా మెదడు పొరల దాకా పాకే అవకాశం పెద్దవారిలో కంటే ఎక్కువ. పుట్టగానే వేసిన బీసీజీ టీకా అటువంటి తీవ్రమైన రూపాల నుంచి చాలావరకు కాపాడుతుంది గానీ పూర్తి భరోసా ఇవ్వదు. పాప బరువు పెరుగుతున్నదా, జ్వరం గాని దగ్గు గాని ఉన్నదా అని వైద్యులు పరీక్షిస్తారు. జబ్బు లేదని తేలినా అంతటితో వదిలిపెట్టరు. జబ్బు రాకుండా బరువును బట్టి నివారణ మాత్రలు ఇస్తారు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లకు మందులెందుకని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెప్పడం నేను తరచుగా చూశాను. కానీ క్రిమి సోకడం వేరు, జబ్బు పైకి రావడం వేరు. సోకిన పెద్దవారిలో జీవితకాలంలో సుమారు పదిమందిలో ఒక్కరికే జబ్బు పైకి వస్తుంది, చిన్నపిల్లల్లో ఆ పాలు అంతకంటే చాలా ఎక్కువ. లోపల నిద్రపోతున్న క్రిమిని లేవకముందే చంపడానికే ఆ మాత్రలు.

తరువాత మీ నాన్నగారు. డయాలసిస్‌లో ఉన్నవారికి రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి క్షయ పైకి వచ్చే ప్రమాదం మామూలు వారి కంటే ఎన్నో రెట్లు. పైగా వారిలో అది దగ్గు రూపంలోనే కనబడాలని లేదు. ఆకలి మందగించడం, తగ్గీ తగ్గని జ్వరం, మెడ దగ్గర గడ్డలు, పొట్టలో గాని ఛాతీలో గాని నీరు చేరడం వంటి రూపాల్లో వస్తుంది, దాన్ని కిడ్నీ జబ్బు లక్షణమే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. ఇంట్లో క్షయ రోగి ఉన్నారన్న సంగతి డయాలసిస్ కేంద్రంలో తప్పనిసరిగా చెప్పండి. ఒకవేళ మందులు అవసరమైతే, కిడ్నీ పనిచేయని వారికి కొన్ని క్షయ మందుల మోతాదునూ వేళలనూ మార్చవలసి ఉంటుంది కాబట్టి, మీ అన్నగారి డబ్బాలోని మాత్రలు వారికి ఇచ్చే ఆలోచన కలలో కూడా చేయవద్దు.

వదినగారికి, మీకు, మిగిలిన అందరికీ లక్షణాలు అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీసి చూస్తారు. ఇదంతా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇక జబ్బు ఎలా అంటుతుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. క్షయ క్రిమి కంచంలో, గ్లాసులో, దుప్పటిలో, చేతి స్పర్శలో ప్రయాణించదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కంటికి కనబడని తుంపరలు గాలిలోకి వస్తాయి. వాటిలో బరువైనవి నేల మీద పడిపోతాయి, మరీ సన్ననివి గాలిలోనే తేలుతూ ఉంటాయి. తలుపులు మూసిన గదిలో ఒకరు చుట్ట కాలిస్తే ఆ మనిషి బయటికి వెళ్లాక కూడా పొగ ఎలా నిలిచి ఉంటుందో, ఈ తుంపరలూ అలాగే గంటల తరబడి నిలుస్తాయి. కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంటే అవి పలచబడిపోతాయి, ఎండ తగిలితే క్రిమి త్వరగా చస్తుంది. కాబట్టి మీ అన్నగారికి వేరే కంచం పెట్టడం వల్ల ఎవరికీ రక్షణ లేదు, ఆయన మనసుకు గాయం మాత్రం తప్పదు. ఆయన పడక గాలి ఆడే పంచలోకి మార్చడం, మొదటి వారాల్లో ఇంట్లో మనుషుల మధ్య ఉన్నప్పుడు మాస్కు గాని తువాలు గాని నోటికి అడ్డు పెట్టుకోవడం, తెమడను మూత ఉన్న డబ్బాలో ఉమ్మి పారవేయడం, ఇవి నిజంగా పనిచేసే జాగ్రత్తలు. తుపానుల భయంతో మన తీరగ్రామాల్లో ఇటీవల కట్టుకున్న డాబా ఇళ్లలో కిటికీలు చిన్నవిగా ఉంటున్నాయి, ఉన్నవాటినీ మూసే ఉంచుతున్నారు. తుపాను లేని రోజుల్లోనైనా వాటిని తెరవాలి.

మందులు సక్రమంగా పడుతున్న రోగి ఇతరులకు అంటించే శక్తి చాలా వేగంగా తగ్గిపోతుంది. మందులకు లొంగే క్షయ అయితే సుమారు రెండు వారాల తరువాత ఇంట్లో వారికి పెద్దగా ప్రమాదం ఉండదని వైద్యులు లెక్కిస్తారు. చికిత్స మొత్తం ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు, బరువును బట్టి రోజూ. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే కంగారు పడనక్కరలేదు, అది ఈ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే వైద్యునికి చూపించాలి. కాలేయం మీద ఈ మందుల భారం ఉంటుంది కాబట్టి సారాయి పూర్తిగా మానాలి. బోటు మీద అలవాటు ఉన్నవారికి ఇది కష్టమని తెలిసే చెబుతున్నాను.

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడే సమయం రెండో నెల. అప్పటికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు తేరుకుంటుంది, అప్పులవాళ్లు గుర్తుకు వస్తారు. ఆగస్టులో మళ్లీ గుజరాత్ వెళ్లే జట్టు సిద్ధమవుతుంటే, జబ్బు తగ్గిందిగదా అని మందులు ఆపి వెళ్లిపోయిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందులకు లొంగని రకాలుగా మారి తిరిగి వస్తాయి, అప్పుడు ఖర్చూ బాధా రెండూ పెరుగుతాయి. మొండి క్షయకు ఇప్పుడు బెడాక్విలిన్ వంటి కొత్త మందులతో ఆరు నెలల చికిత్స కూడా మన దేశంలో వచ్చింది గానీ, అది మొదటి చికిత్సను నిర్లక్ష్యం చేయడానికి కారణం కాకూడదు. ఆరు నెలలూ ఊళ్లో ఉండగలిగితే మంచిది. తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే, క్షయ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు అయిన నిక్షయ్‌లో ఆయన పేరు నమోదై ఉంటుంది కాబట్టి, ఎక్కడికి వెళ్తున్నారో ముందుగా చెప్పి చికిత్సను అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు.

తిండి గురించి ఒక మాట. క్షయకు ఆహారం మందుతో సమానమని పెద్దలు చెప్పేవారు, ఇప్పుడు దానికి గట్టి రుజువు ఉంది. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన రేషన్స్ అధ్యయనంలో, క్షయ రోగుల కుటుంబ సభ్యులకు అదనంగా తిండి గింజలు, పప్పులు, సూక్ష్మపోషకాలు అందించినప్పుడు, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. టీకా ఇవ్వలేని రక్షణను బియ్యమూ పప్పూ ఇచ్చాయన్నమాట. చికిత్సలో ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు మీ అన్నగారి బ్యాంకు ఖాతాలో పడుతున్నదో లేదో చూసుకోండి. ఖాతా సంఖ్య తప్పుగా నమోదు కావడం వల్ల ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి. అది అప్పులు తీర్చడానికి కాక గుడ్లకు, పాలకు, పప్పుకు, ఇంట్లో అందరి కంచాల్లోకి వెళ్లాలి.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఒక్కరి దగ్గు ఇంటిని ఎందుకు కుదిపేస్తుంది?

దీనికి నా అనుభవం ఇచ్చే సమాధానం ఒక్కటే: క్రిమి చేసే హాని కొంత, ఆలస్యం చేసే హాని అంతకంటే ఎక్కువ. ఈ మాటకు బలమైన ఆధారం మన పొరుగునే పుట్టింది. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. అప్పటిదాకా క్షయ అంటే ఊరికి దూరంగా శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో, పడక, పూర్తి విశ్రాంతి, మంచి తిండి అనే పద్ధతి. పేదలు కిక్కిరిసి ఉండే ఇళ్లలోని రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వారి ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచం మొత్తం మీద క్షయ చికిత్సనే మార్చివేసింది. ఇంట్లో మందులు తీసుకున్నవారు దాదాపు శానిటోరియం రోగుల్లాగే కోలుకున్నారు. ఆ తరువాత వారి కుటుంబాలను ఏళ్ల తరబడి గమనిస్తే, రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల వారికి అదనంగా జబ్బు రాలేదు. ఇంటివారికి అంటవలసింది చాలావరకు చికిత్స మొదలుకాకముందే అంటిపోయింది. రోగి అని తెలిసిన మనిషి ఇంట్లో ప్రమాదకారి కాదు, రోగి అని తెలియకుండా దగ్గుతూ తిరిగిన నెలలే ప్రమాదకరం. మీ అన్నగారి విషయంలో కూడా పాపకు అంటి ఉంటే, అది ఆయన మందులు మొదలుపెట్టిన తరువాత కాక, దగ్గుతో ఇంటికి వచ్చి పరీక్షకు వెళ్లని రోజుల్లోనే జరిగి ఉంటుంది. ఇప్పుడు ఆయనను దూరం పెట్టడం, ఆ గడిచిపోయిన రోజులకు ఆయనను శిక్షించడమే అవుతుంది.

గాలి ద్వారా వచ్చే జబ్బులన్నిటికీ ఈ సూత్రం వర్తిస్తుంది, కాకపోతే ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క గడువు. పసిపిల్లల న్యుమోనియాకు గడువు గంటల్లో ఉంటుంది. బిడ్డ ఆడుకోకుండా, పాలు తాగకుండా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే తెల్లవారే దాకా ఆగకూడదు. నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టడం తల్లులందరికీ నేర్పవలసిన విద్య: రెండు నెలలలోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 గాని అంతకు మించి గాని ఉంటే న్యుమోనియా అనుమానించి వెంటనే తీసుకువెళ్లాలి. న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తున్నారు, 2021 నుంచి అది దేశమంతటా అందుబాటులో ఉంది. తీవ్రమైన ఫ్లూకు వాడే మందు లక్షణాలు మొదలైన రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. కరోనాలో ప్రమాదం మొదటి రోజున కాక చాలామందికి రెండో వారం దగ్గర వచ్చింది, ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయేది. క్షయకు గడువు వారాల్లో. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే తెమడ పరీక్షకు వెళ్లవలసిందే. ఈ ఒక్క నియమం మన రెండు జిల్లాల్లో ప్రతి ఇంటా పాటించితే, నేను చూసిన కష్టంలో పెద్ద భాగం జరిగి ఉండేది కాదు.

మరి ఎందుకు వెళ్లరు? ఇది అజ్ఞానం అని తేల్చేసేవారితో నేను ఏకీభవించను. మన ప్రాంతంలో ఆలస్యానికి బలమైన కారణాలు ఉన్నాయి.

మొదటిది వలస. శ్రీకాకుళం తీరం నుంచి వెరావల్‌కు వెళ్లే మత్స్యకారుడు చిన్న క్యాబిన్‌లో జట్టుతో కలిసి నిద్రపోతాడు, రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాడు. దగ్గు వచ్చిందని ఒడ్డుకు చేర్చమని అడిగితే జట్టు మొత్తం వేట పోతుంది. ముందే అడ్వాన్సు తీసుకున్న మనిషి మధ్యలో ఇంటికి వచ్చేస్తే అప్పు నెత్తిన మిగులుతుంది. భవన నిర్మాణ పనులకు హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి రేకుల షెడ్డుల్లో ఉండే విజయనగరం కూలీల సంగతీ ఇంతే. అటువంటి వారికి పరీక్షకు వెళ్లిన రోజంటే కూలి పోయిన రోజు.

రెండోది మొదటి వైద్యం. ఊళ్లో అర్ధరాత్రి పిలిచినా పలికేది ఆర్.ఎం.పి.యే, వారి సేవను నేను తక్కువ చేయను. కానీ తగ్గని దగ్గుకు మళ్లీ మళ్లీ ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు, మాత్రలు క్షయను కప్పిపుచ్చుతాయి. స్టెరాయిడ్ ఇస్తే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, లోపల క్రిమి మాత్రం స్వేచ్ఛగా పెరుగుతుంది. లివోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ క్షయ క్రిమిని కొంతవరకు అణచి, తగ్గినట్టు భ్రమ కలిగిస్తుంది. నెల తరువాత జబ్బు తిరిగి వచ్చేసరికి ఊపిరితిత్తిలో గుంట పడి ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో దీనికి తోడు మరో ప్రమాదం ఉంది. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫినాక్ వంటి నొప్పి ఇంజెక్షన్లు వేయించుకోవడం అలవాటు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తమ కిడ్నీలు ఏ స్థితిలో ఉన్నాయో తెలియని మనుషులు ఎంతోమంది ఉండగా, ఒక మామూలు రొంపకు ఆ ఇంజెక్షన్ వేయడం నాకు ఎన్నడూ క్షమించదగినదిగా అనిపించలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కాబట్టి డయాలసిస్ కోసం దూరం వెళ్లే బాధ తగ్గింది, కిడ్నీలను కాపాడుకోవలసిన బాధ్యత మాత్రం మొదటి ఇంజెక్షన్ దగ్గరే ఉంటుంది. జ్వరానికి తగిన మోతాదులో పారాసెటమాల్ చాలు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ అవసరం లేదు.

మూడోది ఆడవారి దగ్గు. నేను అందరికంటే ఎక్కువగా బాధపడేది దీని గురించే. మన పల్లెల్లో పెద్ద వయసు స్త్రీలలో కాలుతున్న కొసను నోటి లోపల ఉంచుకుని అడ్డపొగ కాల్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆమె దగ్గితే చుట్ట దగ్గు అంటారు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే కోడలు దగ్గితే పొగ దగ్గు అంటారు. పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఆమెది జీడి పొగ దగ్గు. పొగ వల్ల దగ్గు రావడం నిజమే గానీ, అదే పొగ క్షయ ప్రమాదాన్నీ పెంచుతుందన్న నిజం మరుగున పడిపోతుంది. పొగతాగేవారికి క్షయ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. చివరికి పరీక్ష చేయించి క్షయ అని తేలితే, పెళ్లయిన అమ్మాయిని మందుల డబ్బాతో సహా పుట్టింటికి పంపేసే ఇళ్లు ఉన్నాయి. అదే జబ్బు కొడుకుకు వస్తే అమ్మ, భార్య ఇద్దరూ కూర్చుని సేవ చేస్తారు. ఆ తేడా చూసిన ప్రతి స్త్రీ తన దగ్గును కొంగులో దాచుకోవడం నేర్చుకుంటుంది, ఆ దాచుకున్న దగ్గు ముందుగా అంటేది ఒళ్లో ఉన్న బిడ్డకే.

టెక్కలి ప్రాంతపు గ్రానైట్ క్వారీల్లో, రాళ్లు కోసే యంత్రాల దగ్గర పనిచేసేవారికి కూడా ఇక్కడే ఒక హెచ్చరిక. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తిలో క్షయ చాలా సులభంగా పాతుకుంటుంది. డాక్టరు అడగకపోయినా మీరు చేసే పని ఏమిటో చెప్పండి.

కొండ ప్రాంతాల సంగతి దూరంతో ముడిపడినది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సవర, జాతాపు గూడేల నుంచి ఒక తెమడ నమూనా రావాలంటే ఒక మనిషి రోజంతా నడవవలసిన పరిస్థితి చాలాకాలం ఉండేది. ట్రూనాట్ వంటి చిన్న యంత్రాలు వచ్చాక నమూనా చేరిన కొద్ది గంటల్లోనే క్షయ ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా తెలుస్తున్నది. యంత్రం దగ్గరికి నమూనా చేరడమే ఇప్పటికీ కష్టమైన మెట్టు, అక్కడ ఆశా కార్యకర్త కాళ్లే మన వైద్య వ్యవస్థ.

కరోనా కాలం ఈ విషయాలన్నిటినీ ఒక్కసారిగా కళ్లముందు పెట్టింది. 2020లో రాష్ట్రమంతా కేసులు వస్తున్నా మన రెండు జిల్లాలు చాలా వారాలు కేసులు లేకుండా నిలిచాయి. లాక్‌డౌన్‌లో వెరావల్ రేవులో బోట్లలోనే చిక్కుకుపోయిన మన మత్స్యకారులను బస్సుల్లో వెనక్కి తీసుకువచ్చారు. అదే సమయంలో వాళ్లను చూసి ఊళ్లు భయపడ్డాయి. ఏడాదంతా డబ్బు పంపి ఊరిని నిలబెట్టినవారే ఊరి పొలిమేరలో అనుమానితులయ్యారు. జూన్‌లో పలాసలో కరోనాతో చనిపోయిన ఒక వృద్ధుని దేహాన్ని జేసీబీ తొట్టెలో తరలించిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. చనిపోయిన మనిషి దగ్గడు, తుమ్మడు, సరైన జాగ్రత్తలతో ఆయనను గౌరవంగా సాగనంపడానికి వైద్యపరంగా ఏ అడ్డంకీ లేదు. ఆ రోజు అక్కడ పనిచేసింది వైరస్ గురించిన జ్ఞానం కాదు, భయం. భయపడిన ఊళ్లో లక్షణాలు ఉన్నవారు దాక్కుంటారు, దాక్కున్నవారు ఆలస్యంగా ఆసుపత్రికి వస్తారు, ఆలస్యంగా వచ్చినవారు ఎక్కువగా చనిపోతారు, ఆ చావులు భయాన్ని ఇంకా పెంచుతాయి. 2021 రెండో ఉధృతిలో ఈ చక్రం ఎంత వేగంగా తిరిగిందో మీరూ చూసే ఉంటారు.

కరోనా మరో హాని నిశ్శబ్దంగా చేసింది. 2019లో దేశంలో సుమారు 24 లక్షల మంది క్షయ రోగులు నమోదయ్యారు. 2020లో ఆ సంఖ్య 18 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గలేదు. పరీక్షకు వెళ్లే దారి మూసుకుపోయింది. ఆ తేడాలో ఉన్న లక్షల మంది ఇళ్లలోనే దగ్గుతూ ఉండిపోయారు. ఒక అంటువ్యాధి మీద చేసే పోరాటం మరో అంటువ్యాధికి ఎరువు కాకూడదని అప్పటి నుంచి నేను ప్రతి సమావేశంలోనూ చెబుతూ వచ్చాను.

ఇటువంటి దెబ్బ మన నేలకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం గంజాం జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, 1918లో, ఓడల ద్వారా బొంబాయి చేరిన ఇన్‌ఫ్లుయెంజా రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. కోటి మందికి పైగా చనిపోయారు. జనాభా లెక్కల చరిత్రలో భారతదేశపు జనాభా తగ్గిన దశాబ్దం 1911-1921 ఒక్కటే. ఆనాడు యువకులు, గర్భిణులు ఎక్కువగా పోయారు. పంట కోసే చేతులు లేక, వానలు కూడా మోసం చేసి, జ్వరం వెనుకే ఆకలి వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుకు, కంచంలోని అన్నానికి ఉన్న సంబంధం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

ఇక మీ చెల్లెలి పెళ్లి విషయం. క్షయ వంశపారంపర్యం కాదు. అన్నకు వచ్చినంత మాత్రాన చెల్లెలికి గాని, రేపు ఆమెకు పుట్టబోయే పిల్లలకు గాని రాదు. ఆమెను పరీక్షించి జబ్బు లేదని తేలితే, ఆ సంబంధానికి ఈ జబ్బుతో ఏ లంకె లేదు. రోగి వివరాలు బయట పెట్టకుండా గోప్యంగా ఉంచవలసిన బాధ్యత ఆరోగ్య సిబ్బందికి ఉంది కాబట్టి, ఊరంతటికీ చాటవలసిన పనిలేదు. కానీ దాచడం కోసం మందులు దాచిపెట్టి వాడడం, ఆశా కార్యకర్తను ఇంటికి రావద్దనడం, పాప పరీక్షను పెళ్లి అయ్యేదాకా వాయిదా వేయడం, ఇవి మాత్రం చేయకూడదు. సంబంధం ఖాయమయ్యే దశలో మీ నాన్నగారో మీరో వరుని తండ్రితో నేరుగా మాట్లాడడం మంచిదని నా అభిప్రాయం. ఫలానా నెలలో అన్నయ్యకు క్షయ అని తేలింది, చికిత్స జరుగుతున్నది, ఇంట్లో అందరం పరీక్ష చేయించుకున్నాం అని చెప్పినప్పుడు ఆగిపోయే సంబంధాల కంటే, తరువాత ఎవరో చెప్పగా తెలిసి చెడిపోయే సంబంధాలే ఎక్కువగా చూశాను. వెనక్కి తగ్గేవారు ఉంటారు, అది నిజం. అవసరమైతే వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి దగ్గరికి తీసుకువెళ్లండి. పెద్దల మాట కంటే అక్కడ ఆయన చెప్పే నాలుగు మాటలు బాగా పనిచేస్తాయి.

ఊరి స్థాయిలో చేయవలసిన పనులు చాలావరకు ఖర్చు లేనివి. అంగన్‌వాడీ గదుల కిటికీలకు అడ్డంగా పేర్చిన సామాన్లు తీయించాలి. తుపాను ఆశ్రయ భవనాల్లో జనాన్ని చేర్చినప్పుడు దగ్గుతున్నవారికి గాలి ఆడే చోటు ముందుగా కేటాయించాలి, తిత్లీ వంటి తుపానులు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. అరసవల్లి రథసప్తమికి, విజయనగరం సిరిమానోత్సవానికి లక్షల మంది ఒకచోట చేరతారు. జ్వరం, దగ్గు ఉన్నవారు ఆ ఒక్క ఏడాది ఇంటి నుంచే దండం పెట్టుకుంటే అమ్మవారూ సూర్యదేవుడూ తప్పుపట్టరు. గర్భిణులు, వృద్ధులు, షుగరు రోగులు, డయాలసిస్‌లో ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి వైద్యునితో మాట్లాడాలి. మీ నాన్నగారి విషయంలో దాన్ని ఆలస్యం చేయవద్దు.

ఈ వారంలో మీరు చేయవలసినవి ఇవి. పాపను, వదినగారిని, చెల్లెల్ని తీసుకుని, మీరు కూడా, అన్నగారి చికిత్స కార్డుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నాన్నగారి డయాలసిస్ కాగితాలు వెంట ఉంచుకోండి. అన్నగారికి షుగరు పరీక్ష, హెచ్ఐవి పరీక్ష జరిగాయో లేదో అడగండి, క్షయ రోగులందరికీ అవి చేస్తారు, అందులో అవమానం లేదు. ఆయనతో వెరావల్‌లో ఒకే బోటులో ఉన్న జట్టువారికి ఫోను చేసి, దగ్గు ఉన్నవారు అక్కడే పరీక్ష చేయించుకోమని చెప్పించండి. ఆ మాట మీ అన్నగారే చెబితే వాళ్లు వింటారు. సందేహాలుంటే 1800-11-6666 ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. రెండు నెలలు పూర్తికాగానే మళ్లీ తెమడ పరీక్ష ఉంటుంది. దగ్గు తగ్గిపోయిందని దాన్ని మానవద్దు. క్రిమి లేదన్న ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పెళ్లివారు అడిగినప్పుడు చూపించడానికీ, మిగిలిన నాలుగు నెలల మందులకు ఆయనకు ధైర్యం కలగడానికీ అది ఉపయోగపడుతుంది.